గోడ దాటిన దరువు

పాట వీధిలోనే ఆగిపోతుంది. బేస్ మాత్రం పడకగది దాకా వస్తుంది. పది ఇరవై రూపాయల ఇత్తడి బిళ్లతో దాన్ని పట్టుకోవచ్చు. పట్టుకున్నాక ఏం చేయాలన్నదే అసలు చిక్కు.

హైదరాబాద్ శివారు కౌకూర్‌లో పెళ్లిళ్ల సీజన్ మొదలైందని తెలుసుకోవడానికి పంచాంగం అక్కర్లేదు, ఇంట్లో ఉక్కు బీరువా ఉంటే చాలు. రాత్రి తొమ్మిదిన్నర దాటాక దాని తలుపు సన్నగా జిర్రుమంటుంది. చెయ్యి ఆనిస్తే ఆగుతుంది, తీస్తే మళ్లీ మొదలు. కిటికీలు బిగించి చెవులు రిక్కించినా అవతల ఏ పాట నడుస్తోందో తెలియదు. గొంతు వినబడదు, మాటలు వినబడవు, సన్నాయి అసలే లేదు. దబ్, దబ్, దబ్ అని ఒక దరువు మాత్రం పరుపులోంచి వస్తున్నట్టు వస్తుంది.

పటం ముందు పెట్టుకుంటే ఇందులో వింతేమీ కనబడదు. ఊరికి ఒకవైపు బొల్లారం, ఒకవైపు యాప్రాల్. కాస్త దూరంలో అల్వాల్, హకీంపేట, తూంకుంట మీదుగా శామీర్‌పేట వెళ్లే రాజీవ్ రహదారి. ఇంకా అవతల కొంపల్లి, మేడ్చల్‌లను కలుపుతూ నాగ్‌పూర్ హైవే. ఈ రెండు రోడ్ల పొడుగునా ఫంక్షన్ హాళ్లు, గార్డెన్లు. శామీర్‌పేట చెరువు దిక్కు పోతే రిసార్టులు, ఫామ్‌హౌసులు. మధ్యలో కంటోన్మెంట్ చెట్లు, ఖాళీ జాగాలు. పగలు హకీంపేట వైమానిక స్థావరం నుంచి శిక్షణ విమానాలు లేస్తాయి, బొల్లారం స్టేషన్ మీదుగా నిజామాబాద్ రైళ్లు పోతాయి. వాటి మోతను ఈ ఊళ్లు ఏనాడో అలవాటు చేసుకున్నాయి. విమానం వస్తుంది, పోతుంది. దరువు అలా కాదు, గంటల తరబడి అక్కడే ఉంటుంది.

ఇందులో గోడ తప్పేమీ లేదు. తన పని తాను చేస్తూనే ఉంది, కాకపోతే పక్షపాతంతో చేస్తుంది. రెండు వైపులా ప్లాస్టరింగ్ చేసిన 9 అంగుళాల ఇటుక గోడ చదరపు మీటరుకు సుమారు 450 కిలోల బరువు తూగుతుంది. శబ్దం లోపలికి రావాలంటే ఆ బరువును కదిలించాలి. సెకనుకు వెయ్యిసార్లు ముందుకూ వెనక్కీ ఊగమంటే అంత బరువు మొరాయిస్తుంది. అరవైసార్లు ఊగమంటే ఎంతో కొంత ఊగుతుంది. ఫ్రీక్వెన్సీ సగమైన ప్రతిసారీ గోడ ఆపగలిగేది 6 డెసిబెల్స్ చొప్పున తగ్గుతుందని శబ్దశాస్త్రం లెక్క కట్టింది. ఆ లెక్కన మన గోడ వెయ్యి హెర్ట్జ్ దగ్గర 66 డెసిబెల్స్ ఆపితే, 60 హెర్ట్జ్ దగ్గర ఆపేది 42. గాయని గొంతు బయటే ఉండిపోయి, డ్రమ్ము లోపలికి రావడానికి కారణం ఈ 24 డెసిబెల్స్ తేడా. ఇది నిండు గోడకు వేసిన కాగితం లెక్క. గోడలో కిటికీ ఉంటుంది. 5 మిల్లీమీటర్ల అద్దం 60 హెర్ట్జ్ దరువును మహా అయితే 11 డెసిబెల్స్ ఆపుతుంది. కొత్త అపార్ట్‌మెంట్లలో వాడే లైట్‌వెయిట్ బ్లాకుల సంగతీ ఇంతే. అవి మేస్త్రీకి సుఖం, పునాదికి సుఖం. పడుకునేవాడికి మాత్రం పాత ఇటుకే నయం.

గోడ దాకా రాకముందే గాలి సగం పని చేసిపెడుతుంది. 4,000 హెర్ట్జ్ శబ్దాన్ని గాలి కిలోమీటరుకు 20 డెసిబెల్స్‌కు పైగా పీల్చేసుకుంటుంది. 63 హెర్ట్జ్ శబ్దంలో అదే కిలోమీటరుకు పీల్చుకునేది డెసిబెల్‌లో పదోవంతు మాత్రమే. పైగా స్టేజీ మీద ‘టాప్స్’ అని పిలిచే పై బాక్సులు పాటను ఎదురుగా ఉన్న జనం మీదికే విసురుతాయి. కింద పరిచే 18 అంగుళాల బేస్ బాక్సులకు ముందూ వెనకా తేడా లేదు. వాటి అల పొడవు ఐదారు మీటర్లు, బాక్సు చుట్టూ తిరిగి అన్ని దిక్కులకూ పోతుంది. పెళ్లివారికి పాట, వెనక ఊరికి దరువు దక్కేది అందుకే.

చలికాలం వస్తే ఇంకో సంగతి తోడవుతుంది. మబ్బులేని రాత్రి నేల త్వరగా చల్లబడి, కింద చల్లగాలి, పైన వెచ్చని గాలి పొర కడతాయి. శబ్దం వెచ్చని గాలిలో వేగంగా నడుస్తుంది కాబట్టి పైకి పోవాల్సిన అల వంగి మళ్లీ నేలకే దిగుతుంది. ఎండాకాలం మధ్యాహ్నం సరిగ్గా దీనికి వ్యతిరేకం, శబ్దం ఆకాశంలోకి ఎగిరిపోతుంది. మాఘమాసం ముహూర్తాలు రాత్రిపూట వినబడినంత దూరం వైశాఖం పగటి బరాత్ వినబడకపోవడంలో డీజేవాళ్ల దయాదాక్షిణ్యాలేమీ లేవు.

చివరి పాపం పడకగదిది. మన ఇళ్లలో పన్నెండు అడుగుల గది మామూలు కొలత. పన్నెండు అడుగుల దూరంలో సరిగ్గా సగం అల ఇమిడేది 47 హెర్ట్జ్ దగ్గర, అంటే సబ్‌ఊఫర్ నడిమధ్య సొత్తు. ఆ ఫ్రీక్వెన్సీ గదిలో చిక్కుకుని, గోడల దగ్గర బలంగా, గది మధ్యలో నీరసంగా నిలబడుతుంది. మంచం గోడకు ఆనించి పడుకునేవాళ్లు అనుభవించేది ఆ బలమైన భాగాన్నే. ఇంట్లో ఒకరికి నిద్ర పట్టక, ఇంకొకరు ‘ఏం సౌండూ లేదు, పండుకో’ అంటే ఇద్దరూ నిజమే చెబుతున్నారని అర్థం.

చెవికి సరిగా అందనిదాన్ని పరికరంతో పట్టాలన్న ఆలోచనకు నూరేళ్లు దాటాయి. దాని పుట్టుక కాస్త మొరటైన చోట జరిగింది. మొదటి ప్రపంచయుద్ధంలో బెల్జియంలో శత్రువు ఫిరంగులు ఎక్కడున్నాయో శబ్దాన్ని బట్టి కనిపెట్టే పని విలియం లారెన్స్ బ్రాగ్‌కు అప్పజెప్పారు. 1915లో తండ్రితో కలిసి నోబెల్ అందుకున్నప్పుడు అతని వయసు 25. అతను బస చేసిన ఇంటి మరుగుదొడ్డికి కిటికీ లేదు. తలుపు మూస్తే బయటి గాలికి ఉన్న దారల్లా కూర్చునే పీట కింది కంతే. దూరాన ఫిరంగి పేలినప్పుడు చెవికి పెద్దగా వినబడకపోయినా తనను కింది నుంచి ఏదో ఎత్తినట్టు బ్రాగ్‌కు అనిపించింది. అంటే ఫిరంగి శక్తిలో ఎక్కువ భాగం చెవి లెక్కచేయని మంద్ర స్థాయిలో ఉంది. మామూలు మైకులు ఆ మంద్రాన్ని వదిలేసి తుపాకుల టపటపలకూ గుండ్ల ఈలలకూ ఉలిక్కిపడుతున్నాయి. అతని దళంలోని విలియం టక్కర్ విరుగుడు కనిపెట్టాడు. ఖాళీ డబ్బా మూతికి సన్నని ప్లాటినం తీగ కట్టి, కరెంటుతో వేడిచేశాడు. మంద్ర స్వరం వచ్చినప్పుడు డబ్బా లోపలికీ బయటికీ ఊపిరి తీసినట్టు గాలి కదిలి తీగ చల్లబడుతుంది, దాని విద్యుత్ నిరోధం మారుతుంది. పై స్థాయి శబ్దాలకు ఆ తీగ చలించదు. ఇలాంటి డబ్బాలను వరసగా పెట్టి, ఏ డబ్బాకు దెబ్బ ఎప్పుడు తగిలిందో సమయాలు పోల్చి ఫిరంగి చోటు లెక్కగట్టారు. సైన్యం అంత పని చేసింది డబ్బా, తీగ, బ్యాటరీలతోనే. కంటోన్మెంటు నీడన బతికే కౌకూర్‌కు ఈ కథ పరాయిదేం కాదు.

ఈ కాలపు టక్కర్ డబ్బా కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతుంది. పీజో డిస్క్ అని అడిగితే 27 మిల్లీమీటర్ల ఇత్తడి బిళ్ల చేతిలో పెడతారు. మధ్యలో తెల్లని పింగాణీ పూత, రెండు సన్నని వైర్లు. వంచితే, అదిరితే అది కరెంటు పుట్టిస్తుంది. ఈ గుణాన్ని 1880లో పియర్, జాక్ క్యూరీ సోదరులు స్ఫటికాల్లో కనిపెట్టారు. వంటింట్లో టక్కుమనే గ్యాస్ లైటర్ పనిచేసేదీ దీనితోనే. తెరిస్తే పాట పాడే గ్రీటింగ్ కార్డులో ఇదే బిళ్ల తిరగబడి స్పీకర్ అవుతుంది. కొనే ఓపిక లేనివాళ్లు పాత కార్డును చింపవచ్చు.

బిళ్లకు అడ్డంగా ఒక మెగా ఓమ్ రెసిస్టర్, తర్వాత ఎల్ఎమ్ 358 చిప్‌తో చిన్న యాంప్లిఫయర్, దాని వెనక ఆర్డుయినో బోర్డు. ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం పిల్లలు ఒక సాయంత్రంలో కట్టేస్తారు. సెకనుకు 500 కొలతలు తీసుకుంటే దరువుకు చాలు, ఆర్డుయినో తీయగలిగేది అంతకు ఎన్నో రెట్లు. టంకం జోలికి పోలేనివారు జర్మనీలోని ఆహెన్ సాంకేతిక విశ్వవిద్యాలయం 2016లో ఉచితంగా విడుదల చేసిన ఫైఫాక్స్ యాప్‌ను ఫోన్లో వేసుకోవచ్చు. ఫోన్‌లోని యాక్సిలరోమీటర్ ప్రకంపనలను అది గీతలుగా గీసి చూపిస్తుంది. పాత టీవీలోంచి తీసిన స్పీకర్ కూడా పనికొస్తుంది. స్పీకర్‌ను వెనక్కి నడిపితే అది మైకు. 1966లో లండన్‌లోని ఆబీ రోడ్ స్టూడియోలో బీటిల్స్ పాట ‘పేపర్‌బ్యాక్ రైటర్’కు బేస్ గిటార్‌ను ఇంజనీర్ జెఫ్ ఎమెరిక్ స్పీకర్‌నే మైకుగా పెట్టి రికార్డు చేశాడు.

బిళ్లను ఎలా అంటిస్తామన్నది, ఎక్కడ అంటిస్తామన్నది సర్క్యూట్ కన్నా ముఖ్యం. స్పాంజి ఉన్న డబుల్ సైడ్ టేపు వాడితే దరువును ఆ స్పాంజే మింగేస్తుంది. ఫెవిక్విక్ లాంటి గట్టి జిగురు కావాలి. ఉబ్బి, లోపల బోలుగా మోగే పుట్టీ మీద అంటిస్తే వచ్చేది గోడ కదలిక కాదు, పుట్టీ కదలిక. అన్నిటికన్నా బాగా వినేది కిటికీ అద్దం. తర్వాత బీరువా తలుపు. గోడ చివరి వరుసలో నిలబడుతుంది.

ఎందుకో లెక్క చూడండి. గోడ బయటి ముఖం మీద 60 హెర్ట్జ్ దగ్గర 90 డెసిబెల్స్ దరువు పడిందనుకుందాం. ఫంక్షన్ హాలుకు ఆనుకుని ఉన్న ఇంటి పరిస్థితి అది. మన 450 కిలోల గోడ అప్పుడు కదిలేది దాదాపు 20 నానోమీటర్లు, మనిషి వెంట్రుక మందంలో మూడు నాలుగు వేల వంతు. అభిరుచితో చేసేవాళ్లు విరివిగా వాడే ఎంపీయూ 6050 అనే చవక కదలిక చిప్‌లో దాని సొంత గురగురే ఇంతకన్నా పెద్దది. ఇక ఇల్లు కిలోమీటరు అవతల ఉంటే చెప్పనక్కర్లేదు. గీతల్లో కంటికి ఏమీ కనబడదు, చెత్త తప్ప.

ఆ చెత్తలో మన ఇంటి వాటా తక్కువేమీ కాదు. వైరింగ్ నుంచి 50 హెర్ట్జ్ హోరు నిత్యం బిళ్లలోకి దూరుతుంది, సరిగ్గా బేస్ నడిచే వీధిలోకే. బోరు మోటారు 48 హెర్ట్జ్ దగ్గర ఊగుతుంది. సీలింగ్ ఫ్యాను, ఫ్రిజ్ కంప్రెసర్ తమ వంతు తాము వేస్తాయి. ఫంక్షన్ హాలు వెనక నడిచే డీజిల్ జనరేటర్ నిమిషానికి 1,500 చుట్లు తిరుగుతుంది కాబట్టి 25 హెర్ట్జ్ దగ్గర తన సంతకం పెడుతుంది. అందుకని పక్కనే రెండో బిళ్లను గోడకు తగలకుండా దారంతో వేలాడదీయడం మంచి అలవాటు. రెండింటిలోనూ ఒకేలా కనబడేది గోడ ద్వారా వచ్చింది కాదు. ఈ జాగ్రత్త లేకుండా గీసిన ఏ గ్రాఫునూ నేనైతే నమ్మను.

ఇంత రొదలోంచి దరువు ఒక్కదాన్నే ఎలా లాగుతాం? దానికి ఒక గుణం ఉంది, అది తిరిగి తిరిగి వస్తుంది. నిమిషానికి 128 దెబ్బలు వేసే పాటలో దెబ్బకూ దెబ్బకూ మధ్య 0.469 సెకన్లు. నాలుగు నిమిషాల రికార్డును అదే కొలతలో ముక్కలు చేసి, ఒకదాని మీద ఒకటి పరిచి కూడతారు. అచ్చు వేసిన చీరను బుటాకూ బుటాకూ మధ్య దూరం ఎంతో సరిగ్గా అంతే వెడల్పున మడిస్తే బుటాలన్నీ ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి, వేలెడు తేడా వస్తే చెల్లాచెదురవుతాయి. ఇదీ అంతే. 128 దగ్గర మడిస్తే 512 దెబ్బలు ఒకే చోట పోగవుతాయి. ఫ్యాను, మోటారు, చిప్ గురగుర ఒక్కో ముక్కలో ఒక్కో చోట పడి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. రొదతో పోలిస్తే దరువు బలం 512కు వర్గమూలమంత, అంటే దాదాపు 23 రెట్లు పెరుగుతుంది. వేగం తెలియకపోతే 60 నుంచి 180 దాకా ఒక్కో కొలతలో మడిచి చూసే పని కంప్యూటర్‌ది. ఒక కొలత దగ్గర గుట్ట లేస్తుంది, మిగతా అన్నిచోట్లా చదునే. పల్సార్లనే తారలను వెతికే ఖగోళ శాస్త్రజ్ఞులది కూడా ఇదే మడత.

ఇక్కడ ఒక తమాషా ఉంది. ఈ పద్ధతి యంత్రాన్ని పట్టినంత సులువుగా మనిషిని పట్టదు. సాఫ్ట్‌వేర్ కొట్టే కిక్ డ్రమ్ముకు ప్రతి దెబ్బా ఒకే అచ్చు, నాలుగో నిమిషంలోనూ మిల్లీసెకను తప్పదు. బోనాలకు డప్పు కొట్టేవాళ్లు అలా కొట్టరు. తీన్‌మార్ ఎక్కుతున్నకొద్దీ వేగం ఎక్కుతుంది, పోతరాజు ఎదురుగా వస్తే ఇంకా ఎక్కుతుంది, చేయి అలిసినప్పుడు తగ్గుతుంది. మడతలో బుటాలు కూర్చోవు. పైగా నిప్పు మీద కాచిన డప్పు తోలు పలికేది సబ్‌ఊఫర్ కన్నా చాలా పై స్థాయిలో, గోడ బాగా ఆపగలిగిన చోట. వీధిలో చెవులు గింగిర్లెత్తించిన డప్పు ఇంట్లోకి వెళ్లి తలుపు వేసుకుంటే నెమ్మదిస్తుంది, వీధిలో ఆహ్లాదంగా ఉన్న డీజే ఇంట్లోకి వెంట వస్తుంది. పాత పండుగ రొదకూ కొత్త పండుగ రొదకూ తేడా లేదని వాదించేవాళ్లకు ఈ బిళ్ల మంచి జవాబు చెబుతుంది.

నేల కూడా ఈ కబుర్లు చెప్పగలదు. 2023 జులై 22, 23 రాత్రుల్లో అమెరికాలోని సియాటెల్ స్టేడియంలో టేలర్ స్విఫ్ట్ కచేరీ జరిగినప్పుడు దగ్గర్లోని భూకంప లేఖిని రెండు రాత్రులనూ నమోదు చేసింది. భూకంప శాస్త్రవేత్త జాకీ కాప్లాన్ ఆయర్‌బాక్ ఆ రెండు రికార్డులనూ పక్కపక్కన పెట్టి, రెండో రాత్రి ఆలస్యంగా మొదలైనదాన్ని సరిచేసి చూస్తే పాట వెంట పాట ఒకేలా సరిపోయాయి. ఉప్పల్ రోడ్డులోని మన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ నిపుణులు భూకంపాల కోసం రోజూ చూసే గీతలు ఈ కోవలోనివే. ఒక రాత్రి కచేరీ వాటికి వార్త కాదు, విసుగు.

సరే, దరువు దొరికింది. గ్రాఫు చేతిలో ఉంది. దాన్ని పట్టుకుని పోతే ఏమవుతుంది?

మన శబ్ద కాలుష్య నియమాలు 2000 నాటివి. నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్. రాత్రి అంటే 10 నుంచి ఉదయం 6 దాకా. ఆ వేళలో మూసి ఉన్న ఆడిటోరియం, కమ్యూనిటీ హాలు, బాంక్వెట్ హాలు లాంటి చోట్ల లోపలివాళ్ల కోసం తప్ప లౌడ్‌స్పీకర్ వాడరాదు. పండుగల కోసం రాష్ట్ర ప్రభుత్వం ఏడాదిలో 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి దాకా సడలించవచ్చు. 2005 జులై 18న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు వీటికి ఇంకా పదును పెట్టింది. 13 ఏళ్ల బాలిక మీద అత్యాచారం జరుగుతుంటే లౌడ్‌స్పీకర్ మోతలో ఆమె కేకలు ఎవరికీ వినబడలేదన్న వార్త ఆ కేసుకు మూలం. మన దగ్గర 2022 సెప్టెంబరులో జూబ్లీహిల్స్ పబ్బుల్లో రాత్రి 10 తర్వాత సంగీతం ఆపమని తెలంగాణ హైకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. 2024 అక్టోబరులో హైదరాబాద్ పోలీస్ కమిషనర్ సీవీ ఆనంద్ మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారు. కాగితం మీద చట్టానికి లోటు లేదు. పైకప్పు లేని లాన్‌లో రాత్రి పదకొండుకు నడిచే డీజే ఏ లెక్కన మూసిన చోటు అవుతుందో మాత్రం ఎవరూ చెప్పరు.

చట్టం చెప్పే ఆ డెసిబెల్ వెనక ‘ఏ’ అనే అక్షరం ఒకటి ఉంది. అసలు కిటుకంతా దానిలోనే. మనిషి చెవి మంద్ర శబ్దాలను తక్కువగా వింటుందని అమెరికాలో బెల్ లాబ్స్‌కు చెందిన ఫ్లెచర్, మన్సన్ 1933లో కొలిచి చూపారు. అలాంటి కొలతల్లో నెమ్మదైన శబ్దాలకు వచ్చిన వక్రరేఖను ఆధారం చేసుకుని మీటర్లలో ‘ఏ’ తూకం పెట్టారు. అది 63 హెర్ట్జ్ దగ్గర 26 డెసిబెల్స్, 50 హెర్ట్జ్ దగ్గర 30 కోసేస్తుంది. మీ గదిలో 63 హెర్ట్జ్ దరువు 65 డెసిబెల్స్ బలంతో మోగుతుంటే మీటరు 39 అంటుంది. చట్టం హద్దు 45. ఆ ఫ్రీక్వెన్సీ చెవికి వినబడటం మొదలయ్యేది 38 దగ్గర కాబట్టి మీరు దాన్ని దానికన్నా 27 డెసిబెల్స్ పైన, స్పష్టంగా వింటున్నారు. బీరువా కూడా వింటోంది. మీటరుకు మాత్రం వినబడదు.

ఫోన్ చేస్తే కానిస్టేబుల్ వస్తాడు, గేటు దగ్గర నిలబడతాడు. “సార్, మేమొచ్చి చూస్తే అంత సౌండేం లేదు గదా, లోపల్నే పెట్టుకున్నరు” అంటాడు. అతను అబద్ధమాడటం లేదు. ఆరుబయట, రోడ్డు రొదలో, పన్నెండడుగుల గది ఇచ్చే ఊతం లేకుండా వింటున్నాడు. ఆ మాటకొస్తే చేతిలో మీటరున్నా అదే చెబుతుంది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2011లో మొదలుపెట్టిన జాతీయ శబ్ద పర్యవేక్షణలో హైదరాబాద్‌కు దక్కినవి పది కేంద్రాలు. అబిడ్స్, ప్యారడైజ్, తార్నాక లాంటి చోట్లలో అవి ట్రాఫిక్ మోతను కొలుస్తాయి. ఊరి చివరి పడకగదులు వాటికి అందే దూరంలో లేవు.

ఇది తెలియనిదేం కాదు. మంద్ర స్వరం ఎక్కువగా ఉన్నప్పుడు ‘ఏ’ తూకం పనికిరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999 మార్గదర్శకాల్లోనే రాసింది. బేస్‌ను దాదాపు కోయకుండా వదిలే ‘సీ’ తూకంతో కూడా కొలవమంది. రెండింటి మధ్య తేడా 10 డెసిబెల్స్ దాటితే ఫ్రీక్వెన్సీల వారీగా విడగొట్టి చూడమంది. దానికి కొత్త పరికరం అక్కర్లేదు, చాలా మీటర్ల మీద ‘ఏ’ పక్కనే ‘సీ’ మీట ఉంటుంది. పాతికేళ్లుగా మన నియమాల్లో ఆ ఒక్క అక్షరం చేరలేదు. చట్టం చదివే నల్సార్, సర్క్యూట్లు చదివే బిట్స్ పిలానీ క్యాంపస్ రెండూ శామీర్‌పేట దిక్కునే ఉన్నాయి. ఈ పని కోసం ఒక టేబుల్ చుట్టూ కూర్చోవడానికి రెండింటికీ పెద్ద దూరం లేదు.

ఇంట్లో చేసిన బిళ్ల మీటరుకు బదులు కాదు. దానికి క్యాలిబ్రేషన్ లేదు, అది ఎన్ని డెసిబెల్సో చెప్పలేదు. కోర్టుకు పోతే ఎలక్ట్రానిక్ రికార్డుకు భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం కావాలి, అది ఉన్నా ఎదుటి వకీలు బిళ్లను చూసి నవ్వొచ్చు. కానీ మీటరు చెప్పలేనిది ఇది చెబుతుంది. ఫలానా రాత్రి పదీ ఇరవై నుంచి పన్నెండుంబావు దాకా నిమిషానికి 128 చొప్పున దెబ్బ వచ్చింది, మధ్యలో రెండుసార్లు ఆగింది, ఆ వేళకు ఇంట్లో మోటారు నడవలేదు. ఫంక్షన్ హాలు గేటు బయట రోడ్డు మీద ఫోన్లో తీసిన రికార్డుతో దాన్ని పోలిస్తే దెబ్బకు దెబ్బ సరిపోతుంది. ‘మీకు అలా అనిపిస్తోందంతే’ అన్న మాట అక్కడితో ఆగాలి.

నాలుగిళ్లు కలిస్తే బ్రాగ్ చేసిన పనే చేయవచ్చు. శబ్దానికి కిలోమీటరు నడవడానికి దాదాపు మూడు సెకన్లు పడుతుంది. రెండొందల మీటర్ల ఎడంలో ఉన్న రెండిళ్లకు దరువు అరసెకను పైచిలుకు తేడాతో చేరవచ్చు. ఫోన్ల గడియారాలు నెట్‌వర్క్‌తో సరిచూసుకుంటూ ఉంటాయి కాబట్టి ఆ తేడాను పట్టడం కష్టమేమీ కాదు. మూడు నాలుగు తేడాలు చేతిలో ఉంటే వరుసగా ఉన్న ఐదారు గార్డెన్లలో ఏది మోగుతోందో పటం మీద గీయవచ్చు. అయితే ఒక మెలిక ఉంది. దరువు ప్రతి అరసెకనుకూ ఒకేలా వస్తుంటే ఈ ఇంటి దెబ్బ ఆ ఇంట్లో ఏ దెబ్బకు జోడీయో తెలియదు. పాట మొదలైన క్షణమో, ఆగిన క్షణమో దొరికేదాకా కాచుకోవాలి. రాత్రిళ్లు మేలుకుని ఉండటం ఎలాగూ తప్పదు కాబట్టి అదొక కష్టం కాదు.

గోడకు అంటించిన బిళ్ల దరువు ఒక్కదాన్నే వినదన్న సంగతి కూడా చెప్పుకోవాలి. అపార్ట్‌మెంట్లో ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్న గోడ మీద పెడితే పక్కింటి మాటలు, టీవీ, తగువులు అన్నీ వింటుంది. గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. మాట అర్థం కావడానికి కావలసింది ముఖ్యంగా 300 హెర్ట్జ్ పైన ఉంటుంది. అందుకని ఆర్డుయినోకు చేరకముందే 200 హెర్ట్జ్ పైదంతా ఫిల్టర్‌తో కోసేయాలి, కొలతలు సెకనుకు 500 దాటనివ్వకూడదు. అప్పుడు ఎవరు ఆ రికార్డు తీసి విన్నా దబ్ దబ్ తప్ప ఒక్క మాట దొరకదు. ఈ కోత లేని పరికరం పెట్టేవాడికి తన నిద్ర గురించి ఫిర్యాదు చేసే హక్కు సగం పోయినట్టే.

డీజే నడిపే కుర్రాళ్లను అడిగితే వాళ్ల గోడు వాళ్లకుంది. “బేస్ తగ్గిస్తే పెళ్లోళ్లు పైసలియ్యరన్నా” అంటారు, అదీ నిజమే. స్టేజీ ముందు గుండె అదరాలి, అందుకే పిలుస్తారు. కానీ ముందు అదిరించడానికి వెనక ఊరిని అదిరించనక్కర్లేదు. పెద్ద కచేరీల్లో వాడే ఒక అమరిక ఉంది. మూడు బేస్ బాక్సుల్లో ఒకదాన్ని వెనక్కి తిప్పి, దాని సిగ్నల్‌ను తలకిందులు చేసి, నాలుగైదు మిల్లీసెకన్లు ఆలస్యంగా పంపుతారు. ముందువైపు మూడూ కలుస్తాయి, వెనకవైపు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. సరిగా కుదిర్చితే వెనక్కి పోయే బేస్ 10 డెసిబెల్స్‌కు పైగా తగ్గుతుంది. అద్దెకు తెచ్చేవి అవే బాక్సులు. అదనంగా కావలసింది ఆంప్‌లో ఇంకో చానల్, డిలే పెట్టగలిగే ప్రాసెసర్, లాన్‌లో ఇళ్లు ఎటువైపున్నాయో ఒకసారి చూసుకుని స్టేజీ కట్టే మనిషి.